సీబీఆర్‌ఎస్‌లో సొంత 4జీ నెట్‌వర్క్: పంచుకునే స్పెక్ట్రమ్‌లో అనుమతి తెచ్చుకుని నిలబెట్టుకోవడం ఎలా?

అమెరికాలో ఒక గోదాముకో కాలేజీ ఆవరణకో సొంత 4జీ, 5జీ నెట్‌వర్క్ పెట్టుకోవాలంటే టెలికాం కంపెనీని బతిమాలక్కర్లేదు, వేలంలో స్పెక్ట్రమ్ కొనక్కర్లేదు. 3550 నుంచి 3700 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న 150 మెగాహెర్ట్జ్‌ను అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015లో అందరూ పంచుకునేలా తెరిచింది. దాని పేరు సిటిజన్స్ బ్రాడ్‌బ్యాండ్ రేడియో సర్వీస్, వాడుకలో సీబీఆర్‌ఎస్. అక్కడ ఈ పని చేసే మన ఇంజినీర్లకూ, హైదరాబాద్‌లో కూర్చుని ఆ నెట్‌వర్క్‌ల అలారాలు చూసేవాళ్లకూ బాగా తెలిసిన తలనొప్పి ఒకటుంది. రేడియోకి (ఫోన్లకు సిగ్నల్ పంపే పెట్టెకి) కరెంటు ఉంటుంది, ఇంటర్నెట్ ఉంటుంది, సిగ్నల్ మాత్రం గాల్లోకి రాదు. చాలాసార్లు తప్పు రేడియోలో ఉండదు, అనుమతి అడిగిన తీరులో ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో యాంటెనాల కన్నా అనుమతి గురించే ఎక్కువ చెబుతున్నాం.

ఒక పేరు దగ్గర జాగ్రత్త. టెలికాం కంపెనీలు ‘డైనమిక్ స్పెక్ట్రమ్ షేరింగ్’ అని చెప్పుకునేది వేరే సంగతి. అది ఒకే కంపెనీ తన సొంత స్పెక్ట్రమ్‌లో 4జీని, 5జీని కలిపి నడపడం. ఇక్కడ పంచుకునేది ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు, వాళ్లలో అమెరికా నౌకాదళం కూడా ఉంది.

ఎవరి తర్వాత ఎవరు

ఆర్టీసీ బస్సు తెలిసినవాళ్లకు ఈ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది. కొన్ని సీట్లు ఎప్పటికీ ప్రత్యేకం. వాటి మనిషి ఎక్కాడంటే ఎంతటివాడైనా లేవాల్సిందే. నౌకాదళ రాడార్లు, 3600 పైన పనిచేసే ఉపగ్రహ భూకేంద్రాలు ఈ మొదటి వరుస. రెండో వరుస ముందే రిజర్వేషన్ చేయించుకున్నవాళ్లు. పాల్ అని పిలిచే ఈ లైసెన్సులను 2020 జులై, ఆగస్టుల్లో వేలం వేస్తే దాదాపు 458 కోట్ల డాలర్లు వచ్చాయి. ఒక్కో లైసెన్సు ఒక కౌంటీలో (అక్కడి జిల్లా లాంటిది) 10 మెగాహెర్ట్జ్‌కి, పదేళ్లకు. కౌంటీకి ఏడుకు మించి ఉండవు, అవి 3550–3650 మధ్యే పనిచేస్తాయి. మూడో వరుస టికెట్ కొని ఎక్కిన మనలాంటి వాళ్లం. దీన్నే జీఏఏ అంటారు. మొత్తం 150లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవచ్చు. రిజర్వేషన్ చేయించుకున్నవాడు ఎక్కకపోతే ఆ సీటూ మనదే.

కండక్టర్ పాత్ర స్పెక్ట్రమ్ యాక్సెస్ సిస్టమ్‌ది, ఇంజినీర్ల నోట ‘సాస్’. 2020 జనవరిలో పూర్తిస్థాయి వాణిజ్య సేవలకు మొదట అనుమతి పొందినవి గూగుల్, ఫెడరేటెడ్ వైర్‌లెస్, కామ్‌స్కోప్, సోనీ. తీరం పొడవునా రాడార్లను పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. అవి ఓడ రాడార్‌ను పట్టుకోగానే సాస్‌కి చెబుతాయి, సాస్ మన రేడియోలను లేపుతుంది.

మొదటి అడుగు: స్థలం చూడటం

సామాను కొనకముందే మీరు ఎంచుకున్న సాస్ సంస్థ దగ్గర ఆ చిరునామాకు ఏ చానళ్లు దొరుకుతాయో అడగండి. మూడు విషయాలు కావాలి. ఆ కౌంటీలో పాల్ యజమానులు నిజంగా ప్రసారం చేస్తున్నారా, తీరప్రాంత రాడార్ రక్షణ పరిధిలోకి ఆ స్థలం వస్తుందా, చుట్టుపక్కల ఉపగ్రహ భూకేంద్రం ఉందా.

తీరానికి దగ్గరలో ఉంటే ఈ చిట్కా పనికొస్తుంది: ఓడల రాడార్ల కోసం ఆపేసేది 3550–3650 భాగాన్నే, పాల్‌లు ఉండేదీ అక్కడే. కాబట్టి 3650–3700లోని 50 మెగాహెర్ట్జ్‌ను మీ ప్రధాన చానల్‌గానో కనీసం ప్రత్యామ్నాయంగానో పెట్టుకోండి. మేరీలాండ్‌లోని సెయింట్ ఇనిగోస్, మిసిసిపీలోని పాస్కగూలా, ఫ్లోరిడాలోని పెన్సకోలా పరిసరాల్లో మాత్రం ఇది చెల్లదు. అక్కడ నేల మీది రాడార్లు ఆ పై భాగంలో కూడా పనిచేస్తాయి. ఇంకో ఇబ్బంది, ఈ చిట్కా తెలిసినవాళ్లు మీరొక్కరే కాదు. పాత వైర్‌లెస్ ఇంటర్నెట్ కంపెనీలు ఆ 50లోనే ఏళ్ల తరబడి ఉన్నాయి, అక్కడ రద్దీ ఎక్కువ.

రెండో అడుగు: సామాను

ఒక మధ్యస్థ గోదాముకు కావలసినవి ఇవి:

- ఎఫ్‌సీసీ ధ్రువీకరణ ఉన్న, బ్యాండ్ 48 (4జీలో సీబీఆర్‌ఎస్ పౌనఃపున్యాల పేరు, 5జీ అయితే ఎన్48) రేడియోలు. లోపల మూడు నాలుగు, బయట లారీలు నిలిచే చోటుకు ఒకటి.
- సాస్ ఖాతా, అందులో మీకో యూజర్ ఐడీ.
- కోర్ సాఫ్ట్‌వేర్, అంటే ఫోన్లను గుర్తించి డేటాను నడిపించే నెట్‌వర్క్ మెదడు. ఓపెన్5జీఎస్ లాంటి ఉచితమైనదైనా సరే.
- సిమ్ కార్డులు, బ్యాండ్ 48 ఉన్న ఫోన్లు లేదా మోడెమ్‌లు. అమెరికాలో అమ్మిన ఐఫోన్ 11, ఆ తర్వాతివాటిలో ఈ బ్యాండ్ ఉంది. వేరే దేశంలో కొన్న ఫోన్ అయితే మోడల్ సంఖ్య పెట్టి వెతికి చూసుకోండి.
- జీపీఎస్ యాంటెనా, లేదా పీటీపీ పద్ధతిలో కచ్చితమైన సమయాన్ని తీగ మీద పంచే స్విచ్.
- రెండు వేర్వేరు దారుల్లో వచ్చే ఇంటర్నెట్. దీన్ని ఖర్చు తగ్గించే జాబితాలో చేర్చకండి, కారణం కిందుంది.
- ఒక సీపీఐ.

సీపీఐ అంటే మనవాళ్లకు ఎర్రజెండా గుర్తొస్తుంది గానీ, ఇక్కడ అది సర్టిఫైడ్ ప్రొఫెషనల్ ఇన్‌స్టాలర్. శిక్షణ పొంది పరీక్ష పాసై, రేడియో ఎక్కడ ఏ ఎత్తులో ఎటు తిరిగి ఉందో తన డిజిటల్ సంతకంతో సాస్‌కి నమోదు చేసే మనిషి. కేటగిరీ బీ (ఎక్కువ పవర్‌తో బయట పనిచేసే) రేడియోలన్నిటికీ ఈ సంతకం తప్పనిసరి. కేటగిరీ ఏ (తక్కువ పవర్) రేడియో తన స్థానాన్ని తానే కనిపెట్టుకోలేకపోతే దానికీ కావాలి. రేకుల కప్పు కింద జీపీఎస్ అందదు కాబట్టి ఆచరణలో గోదాము లోపలివన్నీ సీపీఐ చేతి మీదుగానే వెళ్తాయి.

మూడో అడుగు: పవర్ లెక్క

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకని నిదానంగా చూద్దాం. డీబీఎం అన్నది పవర్‌ను డెసిబెల్ లెక్కలో చెప్పే కొలత: పవర్ రెట్టింపైతే 3, పదింతలైతే 10 పెరుగుతుంది. ప్రతి 10 మెగాహెర్ట్జ్‌కు యాంటెనా నుంచి బయటపడే పవర్, అంటే ఈఐఆర్‌పీ, కేటగిరీ ఏకి 30 డీబీఎం, కేటగిరీ బీకి 47 డీబీఎం మించకూడదు. కేటగిరీ బీని భవనం లోపల పెట్టకూడదు. కేటగిరీ ఏని బయట పెడితే యాంటెనా ఎత్తు చుట్టుపక్కల సగటు నేల మట్టం కన్నా 6 మీటర్లు దాటకూడదు, దాటితే అది కేటగిరీ బీ కిందికి వస్తుంది. ‘సగటు నేల మట్టం’ అన్న మాట గమనించండి. గుట్ట మీద 4 మీటర్ల గుంజకు కట్టినా 6 దాటిపోవచ్చు.

సాస్‌ని గ్రాంట్ (ఫలానా చానల్‌ను ఫలానా పవర్‌తో వాడుకునే అనుమతి) అడిగేటప్పుడు మాత్రం పవర్‌ను 10 మెగాహెర్ట్జ్‌కు కాదు, ఒక్క మెగాహెర్ట్జ్‌కు చెప్పాలి. కాబట్టి గరిష్ఠాలు 20, 37 అవుతాయి. ఈ తేడా మరచి 30 అని రాస్తే అభ్యర్థన తిరిగొస్తుంది.

ఒక ఉదాహరణ. లోపలి రేడియోకు రెండు పోర్టులు, ఒక్కోటి 24 డీబీఎం. రెండూ కలిపితే 27. యాంటెనా గెయిన్ (సిగ్నల్‌ను ఒకవైపు కేంద్రీకరించి పెంచేది) 5 డీబీఐ, మొత్తం 32 డీబీఎం. చానల్ 20 మెగాహెర్ట్జ్ అయితే 13 తీసేయాలి, మెగాహెర్ట్జ్‌కు 19 వస్తుంది, 20 లోపే కాబట్టి సరే. అదే రేడియోను 10 మెగాహెర్ట్జ్ చానల్‌కు మారిస్తే తీసేసేది 10 మాత్రమే. 22 వస్తుంది, హద్దు దాటింది. రేడియో మారలేదు, పోర్టు పవర్ మారలేదు, చానల్ సగమైంది అంతే. రద్దీ వల్ల 20 నుంచి 10కి దిగే ఏర్పాటు పెట్టుకున్నవాళ్లు పోర్టుకు 2 డెసిబెల్ తగ్గించే నియమం కూడా రాసుకోవాలి.

బయటి రేడియోకు పోర్టుకు 37 డీబీఎం (5 వాట్లు), రెండు పోర్టులు కలిపి 40, యాంటెనా 12, కేబుల్‌లో పోయేది 1. మొత్తం 51. 20 మెగాహెర్ట్జ్ మీద మెగాహెర్ట్జ్‌కు 38. ఒక్క డెసిబెల్ ఎక్కువైంది, తగ్గించి 37 అడగండి.

నాలుగో అడుగు: కొలతలు

స్థానం అడ్డంగా 50 మీటర్లు, ఎత్తులో 3 మీటర్ల తేడాలోపు ఉండాలి. అడ్డం కొలత ఫోన్‌తోనైనా వస్తుంది. ఎత్తుకు ఫోన్‌ను నమ్మకండి, లేజర్ కొలత పరికరంతో నేల నుంచి యాంటెనా మధ్యదాకా కొలవండి. ఎక్కువగా దొర్లే పొరపాట్లు ఇవి: ఎత్తును అడుగుల్లో కొలిచి మీటర్ల గడిలో రాయడం, ఐదో అంతస్తులో పెట్టినప్పుడు ఆ అంతస్తు నేల నుంచి కొలవడం, నేల నుంచి కొలిచిన ఎత్తుకు సముద్రమట్టం నుంచి అన్న గుర్తు పెట్టడం, యాంటెనా దిశను దిక్సూచితో చూసి అలాగే రాయడం. సాస్‌కి కావలసింది భౌగోళిక ఉత్తరం. సియాటిల్ వైపు దిక్సూచి సుమారు 15 డిగ్రీల తేడా చూపిస్తుంది. సన్నని కిరణం ఉన్న యాంటెనాకు అది చిన్న తేడా కాదు.

లోపల ఉందా, బయట ఉందా అన్న గడిని తేలిగ్గా తీసుకోవద్దు. లోపల అంటే సాస్ తన లెక్కలో గోడల కోసం 15 డెసిబెల్ తగ్గించుకుంటుంది. లోపలి రేడియోను పొరపాటున బయటిదని నమోదు చేస్తే మీరు పక్కవాళ్ల మీద చూపించే ప్రభావం కాగితం మీద ముప్ఫై రెట్లు పెరుగుతుంది. గ్రాంట్ తిరస్కరణలు అక్కడి నుంచే మొదలవుతాయి.

ఐదో అడుగు: సాస్‌తో మాట కలపడం

రేడియోకి, సాస్‌కి మధ్య మాటలు హెచ్‌టీటీపీఎస్ మీద, జేసన్ అనే డేటా రూపంలో నడుస్తాయి. రెండు వైపులా సర్టిఫికెట్ చూపించుకోవాలి. రేడియో సర్టిఫికెట్ సాధారణంగా తయారీలోనే వేసి ఉంటుంది. మనం చెడగొట్టకుండా ఉంటే చాలు. చెడగొట్టే దారులు రెండు. ఒకటి, ఆఫీసు ఫైర్‌వాల్ ఎన్‌క్రిప్షన్ విప్పి చూసే పద్ధతి. మధ్యలో అది తన సర్టిఫికెట్ చూపిస్తుంది, సాస్ తలుపు మూసేస్తుంది. సాస్ చిరునామాకు ఆ తనిఖీ నుంచి మినహాయింపు ఇవ్వాలి. రెండోది గడియారం. రేడియో లేవగానే 1970లో ఉంటే ఏ సర్టిఫికెట్టూ ఇంకా పుట్టనట్టే లెక్క. సమయం సరిచేసే ఎన్‌టీపీ సర్వర్ దానికి ముందుగా అందాలి.

రేడియోలు ఎక్కువైతే ఒక్కోటీ విడిగా మాట్లాడకుండా అందరి తరఫునా ఒక డొమైన్ ప్రాక్సీ మాట్లాడుతుంది. మూడు నాలుగు రేడియోలకే పెట్టుకున్నా మంచిదే, లాగ్‌లన్నీ ఒకచోట దొరుకుతాయి.

వరుస ఇలా ఉంటుంది: రిజిస్ట్రేషన్, స్పెక్ట్రమ్ ఎంక్వైరీ (ఏ చానళ్లు ఖాళీ అని అడగడం), గ్రాంట్, హార్ట్‌బీట్ (ప్రసారానికి ఇంకా సరేనా అని సాస్‌ని పదేపదే అడిగే కబురు). మళ్లీ బస్సు దగ్గరికే వస్తే, గ్రాంట్ అంటే కిటికీలోంచి వేసిన తుండుగుడ్డ. సీటు మీ పేరు మీద ఆగింది, ఇంకా కూర్చోలేదు. మొదటి హార్ట్‌బీట్‌కు సాస్ సరే అన్నాకే ప్రసారం మొదలెట్టాలి. ఈ రెండు దశలను ఒకటే అనుకుని ‘గ్రాంట్ వచ్చింది కదా, సిగ్నల్ రాలేదేంటి’ అని రేడియో మార్చేసినవాళ్లు ఉన్నారు. సాస్‌లు రోజూ రాత్రి ఒకదానితో ఒకటి వివరాలు సరిచూసుకుంటాయి. పాల్ పరిధి పక్కనో తీరం దగ్గరో కొత్త రేడియో పెడితే ఆ లెక్కలు పూర్తయ్యేదాకా, అంటే మర్నాటిదాకా ఆగాల్సి రావచ్చు. పని మొదలుపెట్టిన రోజే ప్రదర్శన ఇస్తానని ఎవరికీ మాట ఇవ్వకండి.

ఆరో అడుగు: హార్ట్‌బీట్, ఐదు నిమిషాల నియమం

రాడార్ కనిపించిందని సెన్సర్ చెప్పిన 300 సెకన్లలోపు ఆ చానల్ ఖాళీ అయిపోవాలి. ఇది ఎఫ్‌సీసీ నియమం. సాస్ మాట రేడియోదాకా చేరకపోయినా ఇది జరగాలి. అందుకే ప్రతి హార్ట్‌బీట్ జవాబులో ప్రసార గడువు ఒకటి వస్తుంది. ఆ గడువు సాధారణంగా 240 సెకన్లు మించదు. గడువు తీరాక ఆపడానికి ఇంకో 60. కలిపితే 300.

దీని ఫలితం ఆలోచించండి. మీ ఇంటర్నెట్ ఐదు నిమిషాలు పోయిందంటే, కోర్ సర్వర్ గోదాములోనే ఉన్నా మీ నెట్‌వర్క్ మూగబోవచ్చు. వైఫైకి ఈ గుణం లేదు. రెండో ఇంటర్నెట్ కావాలన్నది ఇందుకే. ఆ రెండోది కూడా అదే గొయ్యిలోంచి వచ్చే ఫైబర్ అయితే లాభం లేదు. హార్ట్‌బీట్‌ను నిమిషానికోసారి పంపితే రెండు మూడు తప్పిపోయినా తట్టుకుంటుంది. 200 సెకన్లకోసారి పెడితే ఒక్కటి పోయినా గండమే.

సాస్ చెప్పే అంకెలు, వాటి అర్థం

సున్నా అంటే సరే. మిగతావాటిలో రోజూ కనిపించేవి ఇవి.

102, 103: ఏదో వివరం లేదు, లేదా తప్పుగా ఉంది. ఏ గడి అన్నది జవాబులోనే రాసి ఉంటుంది. చదవకుండా రేడియోను పదిసార్లు రీస్టార్ట్ చేస్తే మారేదేమీ ఉండదు.

200: రిజిస్ట్రేషన్ పెండింగ్. సీపీఐ వివరాలు సాస్‌కి ఇంకా చేరలేదు, లేదా సీపీఐ రాసిన సీరియల్ నంబర్, రేడియో పంపిన నంబర్ ఒకటి కావు. సున్నాకూ ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరానికీ మధ్య పొరపాటు ఇక్కడ తరచూ బయటపడుతుంది.

400: మీరడిగిన పవర్‌తో అక్కడ పైవరుస వాళ్లకు ఇబ్బంది. పవర్ తగ్గించి అడగండి, లేదా చానల్ మార్చండి.

401: అడిగిన పౌనఃపున్యం మీద మీకే పాత గ్రాంట్ ఉంది. రేడియో హఠాత్తుగా ఆగి లేచినప్పుడు తన తుండుగుడ్డను తానే మరచిపోతుంది, కండక్టర్‌కు మాత్రం గుర్తుంటుంది. పాత గ్రాంట్‌ను వదులుకుని మళ్లీ అడగాలి.

501: తాత్కాలిక నిలుపుదల. 60 సెకన్లలో ప్రసారం ఆపాలి. గ్రాంట్ మాత్రం మీదే, హార్ట్‌బీట్ పంపుతూనే ఉండాలి. ఓడ వెళ్లిపోతే తిరిగి సరే అంటుంది. ఆలోగా వేరే చానల్‌లో గ్రాంట్ తెచ్చుకుని నడపడం మేలు.

500: గ్రాంట్ రద్దు, కొత్తది అడగాలి. 105 అయితే రిజిస్ట్రేషన్ నుంచి మొదలెట్టాలి. 501ని 500 అనుకుని గ్రాంట్ వదిలేసేలా రాసిన సాఫ్ట్‌వేర్‌లు తీరప్రాంతాల్లో రోజంతా అడుగుతూ, వదులుతూ గడిపేస్తాయి. రేడియో కొనేముందు ఈ ఒక్క ప్రశ్న తయారీదారును అడగండి.

ఏడో అడుగు: గాల్లోకి వెళ్లాక

4జీ చానల్ సంఖ్య లెక్క సులువు: మధ్య పౌనఃపున్యంలోంచి 3550 తీసి, పదితో గుణించి, 55240 కలపండి. 3625కి 55990 వస్తుంది. రేడియోలో పెట్టిన సంఖ్య, గ్రాంట్ హద్దులు సరిపోయాయో లేదో కాగితం మీద ఒకసారి చూడండి. 3615–3635 గ్రాంట్‌కు మధ్య 3625 అవుతుంది, 3615 కాదు.

ఈ బ్యాండ్‌లో పంపడం, వినడం ఒకే పౌనఃపున్యంలో వంతులవారీగా జరుగుతాయి. రేడియోల గడియారాలు ప్లస్ లేదా మైనస్ 1.5 మైక్రోసెకన్లలోపు కలవాలి. కలవకపోతే ఒక రేడియో వినే వేళ పక్కది అరుస్తుంది. సిగ్నల్ బలంగా కనిపిస్తుంది గానీ అప్‌లోడ్ కుప్పకూలుతుంది. ఈ లక్షణం కనబడితే ముందు జీపీఎస్ లాక్ చూడండి, ఆ తర్వాతే యాంటెనాలు. పంపే, వినే వంతులను పంచే అమరికలకు నంబర్లుంటాయి, వాటిలో ఎక్కువగా వాడేవి 1, 2. నిఘా కెమెరాల్లాగా అప్‌లోడ్ ఎక్కువైతే 1, డౌన్‌లోడ్ ఎక్కువైతే 2. ఒకే స్థలంలో అన్ని రేడియోలకూ ఒకటే ఉండాలి. పక్క భవనంలోని జీఏఏ వాడకందారు వేరే అమరిక పెట్టుకుంటే మిమ్మల్ని కాపాడమని సాస్‌కి నియమం లేదు, మూడో వరుసలో ఒకరికొకరు రక్షణ ఉండదు. వెళ్లి మాట్లాడుకోవడమే దారి.

సిమ్‌ల సంగతి. సీబీఆర్‌ఎస్ ప్రైవేటు నెట్‌వర్క్‌లు చాలావరకు 315-010 అన్న ఒకే నెట్‌వర్క్ కోడ్ పంచుకుంటాయి. దాని తర్వాతి నాలుగంకెల బ్లాక్ నంబర్‌ను ఐకనెక్టివ్ సంస్థ కేటాయిస్తుంది, మిగిలిన ఐదంకెలు మీవి. ఒక బ్లాక్‌లో లక్ష సిమ్‌లు పడతాయి. కోడ్ ఒకటే కాబట్టి పక్కవాళ్ల ఫోన్లు మీ తలుపు, మీ ఫోన్లు వాళ్ల తలుపు తడతాయి. తిప్పి పంపేటప్పుడు మీ కోర్ 11వ కారణం, అంటే ‘ఈ నెట్‌వర్క్‌కే అనుమతి లేదు’ అని చెబితే ఆ ఫోన్ 315-010 మొత్తాన్నీ నిషిద్ధ జాబితాలో రాసేసుకుంటుంది. ఇక తన సొంత నెట్‌వర్క్‌లోకీ వెళ్లదు. 15వ కారణం, అంటే ‘ఈ ప్రాంతంలో తగిన సెల్ లేదు’ అని ఇచ్చేలా కోర్‌ను సర్దండి. పక్కవాళ్ల కోర్ కూడా అలాగే ఉందో కనుక్కోండి.

ఎనిమిదో అడుగు: చేతికిచ్చేముందు పరీక్షలు

రెండు ఇంటర్నెట్ తీగలూ పీకేయండి. చివరి హార్ట్‌బీట్‌కు సాస్ ఇచ్చిన ప్రసార గడువు తీరాక 60 సెకన్లలోపు ప్రసారం ఆగాలి. ఆగకపోతే అది చట్టం తప్పే రేడియో, వాడకండి. తీగలు పెట్టాక ఎవరూ ముట్టుకోకుండానే తిరిగి లేచిందా, ఫోన్లు వాటంతట అవే చేరాయా, ఎంతసేపు పట్టింది అన్నది రాసి పెట్టండి. తర్వాత ప్రస్తుత గ్రాంట్‌ను చేత్తో వదిలేసి, ప్రత్యామ్నాయ జాబితాలోని చానల్‌కు రేడియో తానే వెళ్తుందో చూడండి. చివరగా కరెంటు ఠక్కున తీసి పెట్టండి, 401 వస్తే దాన్ని తానే పరిష్కరించుకోవాలి.

ఈ సామాను ఇండియాకు తెచ్చి ఇంట్లో ప్రయోగం చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. ఇక్కడ 3300–3670 మెగాహెర్ట్జ్‌ను 2022లో 5జీ కోసం టెలికాం కంపెనీలకు వేలం వేశారు, సాస్ లాంటి ఏర్పాటేదీ లేదు. 3550 పైన రేడియో ఆన్ చేస్తే అనుమతి లేకుండా ప్రసారం చేసినట్టే, అందులో చాలావరకు వేరొకరు డబ్బు పెట్టి కొన్న స్పెక్ట్రమ్. యాంటెనా బదులు అటెన్యుయేటర్లు (సిగ్నల్‌ను బలహీనపరిచేవి), కేబుళ్లతో డబ్బా లోపలే పరీక్షించుకోండి.

రేడియోను వేరే గోడకు మార్చినా, యాంటెనా మార్చినా పాత గ్రాంట్లు వదులుకుని, డీరిజిస్టర్ చేసి, కొత్త కొలతలతో సీపీఐ సంతకం మళ్లీ పెట్టించాలి. అమ్మేసేటప్పుడు కూడా ముందు డీరిజిస్టర్ చేసి, సాస్ ఖాతాలోంచి ఆ సీరియల్ నంబర్ తీసేయండి. లేకపోతే రేడియో కొన్నవారి ఊళ్లో ఉంటుంది, సాస్ రికార్డుల్లో మాత్రం మీ గోదాము గోడకే వేలాడుతూ ఉంటుంది.